మధ్యలో ఇరికించిన పేరు

ఆఫీసులో ఆమెను సర్దుళ్ళమ్మ అంటారు. బల్లమీద పెన్నులు పొడుగును బట్టి వరసగా ఉండాలి. ఎవరైనా కదిపితే మాట్లాడుతూనే సరిచేస్తుంది. ఆసుపత్రికి రాసే కంప్యూటరు ప్రోగ్రాములోనూ అదే తీరు. రోగుల ఆహారానికి అందులో ఒక జాబితా ఉంది: మామూలు భోజనం సున్నా, ఉప్పులేనిది ఒకటి, ఏమీ పెట్టకూడనిది రెండు. కంప్యూటరు రోగి పక్కన ఆహారం పేరు దాచుకోదు, దాని అంకె దాచుకుంటుంది. నిన్న ‘పాలు మాత్రమే’ చేర్చమన్నారు. చివర పెడితే చూడ్డానికి బాగుండదని ఆమె దాన్ని ఉప్పులేనిదానికీ ఏమీ పెట్టకూడనిదానికీ మధ్యలో ఇరికించింది. అంకెలు వాటంతటవే జరిగాయి. పాత రోగుల పేర్ల పక్కనున్న రెండుకి అర్థం ‘ఏమీ పెట్టకూడదు’ పోయి పాలైపోయింది.

పొద్దున్నే నర్సు ఫోను చేసింది. “అమ్మా, గంటలో ఆపరేషనున్న ఆయనకి పాలిమ్మని కంప్యూటరు చూపిస్తోంది. కడుపు ఖాళీగా ఉండాలి కదా అని ఆపాను.”

ఆమె జాబితా తెరిచి చూసింది. “ఎవరికీ ఇవ్వకండి. తప్పు నాదే. మరి పై అంతస్తులో?”

“అక్కడి నర్సు తెరమీద ఏముంటే అదే చేస్తుంది. ఉండండి, చూసొస్తా.”

ఫోను పెట్టెయ్యకుండానే నర్సు పైకి పరుగెత్తింది. ‘పాలు మాత్రమే’ను ఆమె జాబితా చివరికి జరుపుతుంటే మోచెయ్యి తగిలి పెన్నులన్నీ కిందికి దొర్లాయి. ఆమె వాటివైపు చూడలేదు. ఫోనులో, పై అంతస్తున ఎవరో పాలు పంచడానికి ట్రేలో గ్లాసులు వరసగా సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.