పది గంటల నీళ్లు

ఆమెను అందరూ నీళ్ల డాక్టరమ్మ అనేవాళ్లు. నిజానికి డాక్టరేమీ కాదు. మా ఆసుపత్రి కింది అంతస్తులో గోరువెచ్చని నీళ్ల తొట్టి ఒకటి ఉండేది, పెద్ద గదంత. నడుము పడిపోయినవాళ్లనూ, కాళ్లలో పట్టు తప్పినవాళ్లనూ అందులోకి దించి, నిలబెట్టి, మళ్లీ నడక నేర్పడం ఆమె పని. ఒడ్డున తువ్వాళ్లు అందించడం నా పని. కాబట్టి నేను చెప్పేదంతా కళ్లారా చూసిందే.

నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవాళ్లం. రోగులు విసుక్కున్నా, తిట్టినా, "ఇంకొక్క అడుగు, అంతే" అనడం తప్ప ఎదురు మాట్లాడి ఎరగదు. పెద్దమ్మ దగ్గర పెరిగిందని మాత్రం తెలుసు. అంతకుమించి ఏం అడిగినా, తువ్వాలు సరిగా ఆరలేదంటూ మాట తప్పించేది.

ఆ తొట్టికి ఒక పద్ధతి ఉండేది. మురుగుకాలువల పని చేసే కుటుంబాలవాళ్లకు వారాంతంలో చివరి గంట ఇచ్చేవాళ్లు. వాళ్లు దిగి వెళ్లాక నీళ్లన్నీ వదిలేసి కొత్తవి నింపేవాళ్లు. తువ్వాళ్లు కూడా వేరు. ఇదంతా ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు. మన మురికి వాళ్లు కడగాలట, వాళ్లు తాకిన నీళ్లు మనం పారబోయాలట! ఈ న్యాయం కనిపెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ దూరం నుంచే దండం పెట్టాలి.

అలాంటి చోటికి మేస్త్రమ్మ వచ్చింది. కాలువ పనివాళ్ల జట్టుకు ఆమె పెద్ద. మూత సరిగా వేయని గోతిలో పడి వెన్ను దెబ్బతింది. పెద్ద డాక్టరు ఒకటే మాట చెప్పాడు. రోజూ నీళ్లలో నిలబెడితే నడుస్తుంది, ఆలస్యం చేస్తే చక్రాల కుర్చీయే గతి. అది వారానికి ఒక్క గంటతో అయ్యే పని కాదు. మొదట్లో తన జట్టును అదిలించినట్టే మమ్మల్నీ అదిలించేది. రానురాను ఆ గొంతు అణగిపోయింది. ఒకరోజు గోడవైపు ముఖం తిప్పుకుని, "నన్ను దించకమ్మా. నేను దిగితే మీకు తొట్టి కడుక్కునే చాకిరీ" అంది.

ఆ మాటకు డాక్టరమ్మ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నేరుగా మేనేజరు గదికి వెళ్లి, మేస్త్రమ్మను రోజూ పది గంటల జట్టులో చేర్చమని అడిగింది. "చూద్దాంలెండి" అన్నాడాయన. వారాలు గడిచాయి, ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఒక ఉదయం పదింటికి డాక్టరమ్మ ఎవరినీ అడక్కుండా మేస్త్రమ్మ కుర్చీని తిన్నగా తొట్టి దగ్గరికి తోసుకొచ్చింది. లోపల అప్పటికే నలుగురున్నారు. డాక్టరమ్మ ముందు తను దిగి, మేస్త్రమ్మను నడుము పట్టి దించి, ఇనుప కమ్మీ పట్టించింది. మోకాళ్ల నొప్పుల పంతులమ్మగారు అందరికంటే ముందు మెట్లెక్కేశారు. అంత చురుగ్గా ఎక్కగలరని ఆ రోజే తెలిసింది. మిగిలిన ముగ్గురూ ఆవిడ వెనకే వచ్చి, నీళ్లు కారుతూ ఒడ్డున నిలబడ్డారు.

మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ముందు ఆమెను బయటికి తీసుకురండి."

"ఆమె గంట అయ్యాక తెస్తానండి."

"నేనిప్పుడే నీళ్లు వదిలేస్తాను. మీ ఉద్యోగం సంగతి తర్వాత చూస్తాను."

"మీ ఇష్టమండి."

ఆయన పంతానికి పోయి, ఎన్నడూ చెయ్యి పెట్టి ఎరగని, నీళ్లు వదిలే గొట్టం చక్రాన్ని తనే తిప్పాడు. తొట్టి అడుగున గుడగుడమంది.

ఛాతీ లోతు నీళ్లుంటే మనిషి బరువు సగానికి పైగా నీళ్లే మోస్తాయి. అవి తగ్గేకొద్దీ ఆ బరువు కాళ్లమీద పడుతుంది. మేస్త్రమ్మ అప్పటిదాకా నడుము లోతులో కూడా నిలబడలేదు. ఇప్పుడు పడితే ఆ వెన్ను ఇక బాగుపడదు.

"ఎక్కేద్దామా అక్కా? నువ్వెలా అంటే అలా. పడనివ్వను మాత్రం" అంది డాక్టరమ్మ.

మేస్త్రమ్మ కమ్మీని బిగించి పట్టుకుంది. "ఉంటాను. ఏదైనా మాట్లాడమ్మా, భయమేస్తోంది."

"మా పెద్దమ్మ పడుచుగా ఉన్నప్పుడు ఊళ్లో ఈతకొలను ఉండేది. మనవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఒకరోజు అందరూ కలిసి వెళ్లి దిగారు. చుట్టూ పోలీసులు. మా పెద్దమ్మ మెడలోతులో నిలబడింది."

"మనవాళ్లా?" మేస్త్రమ్మ తల తిప్పి చూసింది.

"మనవాళ్లే."

నీళ్లు నడుము దాకా దిగాయి. మేస్త్రమ్మ తొడలు వణకడం పైనుంచి నాకు కనిపిస్తోంది.

"ఆవిడకు ఈతొచ్చా?"

"రాదు. మరెందుకు దిగావని నేనూ అడిగాను. ఈతొచ్చేదాకా ఆగితే మన వంతు ఎప్పటికొచ్చేనే అంది."

మేస్త్రమ్మకు నవ్వొచ్చింది, నవ్వితే కాళ్లు తడబడ్డాయి. డాక్టరమ్మ రెండు చేతులూ ఆమె నడుముకు ఆనించింది.

"తర్వాతేమైంది?"

"మనవాళ్లు ఒడ్డెక్కగానే నీళ్లన్నీ వదిలేశారు. మళ్లీ నింపారు, మళ్లీ దిగారు. వేసవంతా అదే తంతు. చివరికి నీళ్లు మార్చేవాళ్లకే ఓపిక చచ్చింది."

అప్పుడు డాక్టరమ్మ తలెత్తి ఒడ్డువైపు చూసింది.

"ఏడేళ్లుగా నేనూ ఈ నీళ్లలోనే ఉన్నానండీ. పంతులమ్మగారూ, మిమ్మల్ని నిలబెట్టింది ఈ చేతులే. ఒక్కరోజైనా నాకోసం నీళ్లు మార్చారా?"

పంతులమ్మగారు తన మోకాళ్లవైపు చూసుకున్నారు. నాకైతే ఏడుపొచ్చింది. నోట్లో నాలుక లేదనుకున్న మనిషి కదా!

నీళ్లు మోకాళ్ల కిందికి, ఆపైన మడమల దాకా జారి, ఆఖరుకు బుడబుడమని కారిపోయాయి. తడి నాపరాళ్ల మీద మేస్త్రమ్మ నిలబడి ఉంది. కాళ్లు గడగడలాడుతున్నాయి, కానీ నిలబడే ఉంది. డాక్టరమ్మ ఒక చెయ్యి తీసేసింది. ఇంకాసేపటికి రెండోదీ తీసి, పట్టుకోవడానికి సిద్ధంగా దగ్గరే ఉంచింది.

మేస్త్రమ్మ తల పైకెత్తి, చక్రం పట్టుకుని కొయ్యబారిన మేనేజరును చూసింది. జట్టును అదిలించే ఆ పాత గొంతు మళ్లీ వచ్చింది.

"అలా చూస్తావేం బాబూ, నింపు. నా గంట ఇంకా అవలేదు."