విప్పని మోటారు సైకిలు

కామేశ్వరరావు టెక్కలిలో గుమాస్తా. నౌపడా నుంచి బదిలీ అయిపోయిన ఒక రైల్వే ఇంజనీరు దగ్గర 1927లో పాత మోటారు సైకిలు కొన్నాడు. వానాకాలమంతా బురదలో తిప్పి, చలి మొదలవగానే పెరట్లోని పాత పశువులసాలలో పెట్టి బాగుచేసుకునేవాడు. ఏ వారం ఏ పని చెయ్యాలో ముందే కాగితం మీద రాసుకునేవాడు: గొలుసు కిరసనాయిల్లో నానబెట్టడం, ఇంజనులో మసి గీకడం, బ్రేకులు సరిచెయ్యడం. భార్య రామలక్ష్మి దాన్ని మగవాళ్ల నోము అనేది.

1929 మార్గశిరంలో, పని మొదలుపెట్టాల్సిన ఆదివారం పొద్దున్నే నిమ్మాడ రైతు గున్నయ్య పరుగున వచ్చాడు. అతని భార్య అసిరమ్మ రెండు రోజులుగా పురిటి నొప్పులు పడుతోంది.

"బాబూ, డాక్టరుబాబుని నీ బండి మీద తోలుకొచ్చీ. ఎడ్లబండయితే మద్దినేళ దాటిపోతాది."

నిమ్మాడ దారి నిండా కోతలకు తిరిగిన బళ్ల చక్రాలు తవ్విన లోతైన గాళ్లు. పోయినేడు ఆ దారిలోనే చక్రం ఊచలు రెండు విరిగాయి. కాగితం ఇంకా కామేశ్వరరావు చేతిలోనే ఉంది.

"బండి విప్పేశాను గున్నయ్యా. ముక్కలు ముక్కలుగా ఉంది," అన్నాడు.

గున్నయ్య ఆసుపత్రివైపు పరుగెత్తాడు. గడపలో బియ్యం చెరుగుతున్న రామలక్ష్మి చేట ఆపి భర్తవైపు చూసింది. గోనెపట్టా కప్పుకుని బండి సాలలో చెక్కుచెదరకుండా ఉందని ఆమెకు తెలుసు.

సాయంత్రానికి కబురు వచ్చింది. డాక్టరు ఎడ్లబండిలో చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయిందట. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. కామేశ్వరరావు సాలలోకి వెళ్లి, ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో గబగబా ఇంజను విప్పి పట్టా మీద పరిచాడు. తను చేస్తున్న పనికి తనకే అసహ్యం వేసింది, అయినా చేతులు ఆగలేదు.

పదకొండు రోజుల తర్వాత తాలూకా ఆఫీసులో పని మీద టెక్కలి వచ్చిన గున్నయ్య సాలలోకి తొంగిచూశాడు.

"అమ్మో, ఇన్ని ముక్కలే! నువ్వేటి సేత్తావులే బాబూ. మా రాత అలగుంది."

ఆ ఓదార్పు కామేశ్వరరావు భరించలేకపోయాడు. ఆ రోజు బండి విప్పలేదని, గున్నయ్య వెళ్లాకే విప్పానని తల దించుకుని చెప్పేశాడు.

గున్నయ్య మళ్లీ ఆ ముక్కలకేసి చూశాడు.

"మరి ఎందుకలగ సెప్పావు?"

కామేశ్వరరావుకి దారి బాగోలేదని చెప్పడానికి నోరు రాలేదు. గున్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఏడు బండి బిగించడానికి సంక్రాంతి దాటింది. ఆ తర్వాత ఎవరు అడిగినా కామేశ్వరరావు కాదనలేదు. రాత్రయినా, వానయినా వెళ్లేవాడు. జనం మెచ్చుకుంటుంటే ముఖం తిప్పుకునేవాడు.

రెండేళ్లకు అసిరమ్మకు మళ్లీ నెలలు నిండాయి. గున్నయ్య నాలుగు రోజుల ముందే ఆమెను ఎడ్లబండిలో ఆసుపత్రికి తీసుకొచ్చాడు. బండి కామేశ్వరరావు ఇంటి ముందు నుంచే వెళ్లింది. అరుగు మీద కూర్చున్న అతను లేచి నిలబడ్డాడు. గున్నయ్య ఎడ్లను అదిలించాడు, అటు తిరిగి చూడలేదు.