వీపుకి ఆనే వైపు

మా వదిన సంచులు కుడుతుంది. మంచుకొండలు ఎక్కడానికి వచ్చేవాళ్ళ తెగిన పట్టీలు, ఊడిన జిప్పులు అన్నీ ఆవిడ మిషను కిందికే వస్తాయి. పైనుంచి దిగిన సంచిని దులిపితే కుట్లలోంచి సన్నటి రాతిపొడి రాలుతుంది. దాన్ని ఊడ్చి పారెయ్యకుండా వేళ్ళతో నలుపుతూ కూర్చుంటుంది. పని తెమలదని నేను సణుగుతూనే ఉంటాను.

ఆ కొండల పిచ్చి అంటించింది మా అన్నయ్యే. మోకాళ్ళు అరిగిపోయేదాకా ఆ కొండల మీద బరువులు మోసిన కూలీ. సీజను అయి ఇంటికి రాగానే, పైన కనుమ దగ్గర నిలబడితే ఏమేం కనిపిస్తాయో చెప్పేవాడు. వరసగా తెల్లటి శిఖరాలట, వాటి కింద పచ్చగా ఒక సరస్సట. వచ్చే ఏడు నిన్నూ తీసుకెళ్తానని వదినతో అనేవాడు. ఆ వచ్చే ఏడు రాలేదు గానీ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. దూరపు కొండలు నునుపు వదినా అని నేను ఏడిపిస్తే, గరుకో నునుపో దగ్గరికెళ్తే కదా తెలిసేది అనేది. నవ్వుతూనే అనేది గానీ, అప్పుడు ఆవిడ కిటికీలోంచి చూసే చూపు నాకు దిగులు పుట్టించేది.

ఈ ఏడు తానే ఆ కనుమ ఎక్కి చూస్తానని పంతం పట్టింది. గైడు మాకు తెలిసినవాడే. మొదటిసారి కాబట్టి మెల్లగా నడవాలని, మధ్య మకాంలో ఆగి ఒంటికి పల్చటి గాలి అలవాటు చెయ్యాలని, తలనొప్పి వస్తే దాచకూడదని, తాను దిగమంటే మారుమాట లేకుండా దిగాలని చెప్పాడు. సంచి మోయడానికి ఒక కూలీని మాట్లాడాడు. వదిన అన్నిటికీ బుద్ధిగా తలూపింది. తర్వాత చేసింది మాత్రం సంచులు కుట్టేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పని. మోసేవాడి వీపు ఒరుసుకుపోకూడదని సంచికి దూది మెత్తలు, వాటి మీద రెండు పొరల తోలు, వెడల్పాటి పట్టీలు వేసి కుట్టింది. బయల్దేరే ముందురోజు గైడు ఆ సంచిని కాటాకి తగిలించి నోరెళ్ళబెట్టాడు.

"అక్కా, కూలీ చేత ఇంత మోయించను. సాయంత్రానికి తగ్గించు. లేదంటే నువ్వు ఆగిపో" అని చెప్పి వెళ్ళిపోయాడు.

వదిన కత్తెర తీసి మెత్తలు విప్పబోయింది. అన్నయ్య గోడ పట్టుకుని లేచి, ఆ సంచి అడిగి వీపుకి తగిలించుకున్నాడు. మోకాళ్ళు వణుకుతున్నా వెంటనే దించలేదు.

"ఇవి విప్పకు. నా వీపుకి ఇలాంటిది ఎప్పుడూ తగల్లేదు. లోపలివి తగ్గించుకో."

అన్నయ్య సంచి దించాక వదిన సామాన్లు ఒక్కొక్కటే బయటికి తీసింది. అడుగున అన్నయ్య పాత కోటు ఉంది, తడిసిన దుప్పటంత బరువు. మీరు చూసినవన్నీ మీ కోటు వేసుకుని చూడాలనిపించిందని తలెత్తకుండా చెప్పింది.

అన్నయ్య ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

"నేనేం చూళ్ళేదే. నుదుటికి పట్టీ, దానికి వేలాడే బరువు వీపు మీద. తలెత్తితే పడతాం. కనుమ దాటేదాకా నాకు కనపడింది ముందువాడి మడమలే."

"మరి ఆ సరస్సు?"

"ఎక్కినవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వు అడిగేదానివిగా."

వదినకు కోపం వస్తుందనుకున్నాను. ఆవిడ కోటు మడిచి ఆయన ఒళ్ళో పెట్టి, సంచి జిప్పు లాగింది.

"చూసొచ్చి నేను చెప్తాను" అంది.