కూలర్‌లో రాజం

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం, నన్ను జగిత్యాల నుంచి కోరుట్ల తపాలా కార్యాలయానికి తంతి గుమాస్తాగా బదిలీ చేశారు. మోర్స్ యంత్రం టకటకలను విని, అక్షరాలుగా రాసి, తంతి, అంటే టెలిగ్రాం, తయారుచేయడం నా పని. పిల్లలూ, మీరు ఫోన్‌లో మాటకు ముందొకటి, వెనకొకటి ‘కూల్’ అంటారు కదా. దాని చుట్టం ఒకటి అక్కడ నన్ను ఒక మధ్యాహ్నమంతా వణికించింది.

దుబాయిలోని కూలీల క్యాంపు సూపర్‌వైజర్ పంపిన తంతి అది. “రాజం ఇన్ కూలర్ సిన్స్ ఫ్రైడే. సెండ్ పాస్‌పోర్ట్ కాపీ.” ఆ క్యాంపులో ఉండే రాజం భార్య లచ్చవ్వ ఉత్తరమేమైనా వచ్చిందా అని అప్పటికే కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. తోడుగా బావ గంగారాం. అతను దుబాయి నుంచి తిరిగొచ్చి ఏడాదైంది.

“సదివి చెప్పుండ్రి మేడం,” అంది లచ్చవ్వ.

తంతిని ఉన్నదున్నట్టు చదవాలి, అర్థం చెప్పకూడదు. అది నియమం. అయినా నేను తెలుగులో చెప్పాను: శుక్రవారం నుంచి చల్లబరిచే పెట్టెలో ఉన్నాడట, పాస్‌పోర్ట్ నకలు పంపాలట అని.

గంగారాం గొంతు తగ్గించాడు. “ఆడ పీనుగులనే కూలర్ల పెడ్తరు. కాయిదాలు అడుగుతుండ్రంటే శవాన్ని తోలుతందుకే. ఇంటికి నడువు, అవ్వకు చెప్పాలె.”

లచ్చవ్వ కదల్లేదు. “ఇంటికి పోతే నా గాజులు పలగ్గొడ్తరు బావా. రేపు ఆయన అస్తే ఏ చేతులతోని బువ్వ పెట్టాలె? ఇంకోపారి అడుగుండ్రి మేడం.”

మరణవార్తకు ముందు రెండు ఎక్స్‌లు వస్తాయి, ఆలస్యం చేయకుండా అందించమని. దీనికి లేవు. కానీ విదేశీ తంతికి ఆ గుర్తు ఉండితీరుతుందన్న నమ్మకం నాకు లేదు. అక్షరం పొరపాటేమోనని జగిత్యాలకు సర్వీసు సందేశం కొట్టాను, అంటే కార్యాలయాల మధ్య విచారణ. గంటకు జవాబు వచ్చింది. కూలర్ అన్న ఇంగ్లీషు మాటలోని ఆరు అక్షరాలూ సరైనవే.

ఇంటికి పోదామని గంగారాం లేచి నిలబడ్డాడు. నేను మళ్లీ మీట మీద చెయ్యి వేసి, ఈ మాటకు ఇంకో అర్థం ఉందా అని అడిగాను. అవతల ఉన్న పెద్దాయన బొంబాయి రేవులో ఏళ్లు పనిచేసినవాడు. ఆయన ఒక్కో అక్షరం పంపుతుంటే రాసుకున్నాను. కూలర్ అంటే దొరల వాడుకలో జైలు. తాగి తన్నుకున్నవాళ్లను వేడి చల్లారేదాకా కూర్చోబెట్టే గది కాబట్టి ఆ పేరు వచ్చిందట.

చదివి వినిపించాను. లచ్చవ్వ చేతి గాజులు సర్దుకుంది. తర్వాత అంది: “గట్లయితే మా ఆయనే. నోట్లె నిప్పు పెట్టుకొని తిరుగుతడు. మంచిగ చల్లారనియ్యిండ్రి.”

గంగారాం ముఖం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే పాస్‌పోర్ట్ నకలు రిజిస్టర్ పోస్టులో వెళ్లింది. నెల తిరక్కముందే రాజం చేతిరాతతో ఉత్తరం వచ్చింది.

నిఘంటువులో ఉన్న అర్థమే పంపినవాడి అర్థం కానక్కరలేదు. ఆ తర్వాత ఎవరు అర్థం అడిగినా, తంతి ఎవరు పంపారో, ఆ మాటను వాళ్లు దేనికి వాడతారో తెలుసుకున్నాకే నోరు తెరిచాను. తెలియకపోతే తెలియదన్నాను.