తిప్పి అడిగిన ప్రశ్న

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. మీ చేతిలో కప్పు చల్లారేలోపు చెప్పేస్తాను. రెండు వేల ఇరవై మూడు, వర్జీనియాలో షాంటిలీ, చెట్ల ఆకులు రంగు మారుతున్న రోజులు. అప్పటికే నేను హోమ్ హెల్త్ ఎయిడ్‌గా చాలా ఇళ్ళు చూశాను. అంటే పెద్దవాళ్ళ ఇంటికే వెళ్ళి స్నానం, తిండి, నడక చూసుకునే పని. నరసాపురం దగ్గర ఏడో తరగతితో ఆగిన చదువు నాది. ట్రైనింగ్‌లో అందరూ పాఠం రాసుకుంటుంటే నేను విన్నది విన్నట్టు మనసులో పెట్టుకుని పాసయ్యాను.

ఆ ఇంటి పెద్దాయన పేరు యెన్స్. పుట్టింది డెన్మార్క్‌లో. కుర్రతనంలో ఇక్కడికొచ్చి బతుకంతా వడ్రంగం చేశాడు. ఆ వేసవిలో స్ట్రోక్ వచ్చింది. కాళ్ళూ చేతులూ మెల్లగా తిరిగొచ్చాయి గాని మాట రాలేదు. దాన్ని అఫేజియా అంటారు. తెలివి ఉంటుంది, చెప్పాలనీ ఉంటుంది, మాటే దొరకదు. భార్య ఏనాడో పోయింది. కూతురు లీనా తన ఇంటికి తాళం వేసి వచ్చి, తండ్రి దగ్గరే ఉంటూ మేడ మీద ఆఫీసు పని చేసుకునేది.

నాకూ ఆయనకూ మొదటి పేచీ కప్పు దగ్గరే. "టీ ఆర్ కాఫీ?" అంటే "కాఫీ" అనేవాడు. తీరా కాఫీ ఇస్తే మొహం తిప్పేసేవాడు. మాట తిరిగి నేర్పడానికి వారం వారం వచ్చే స్పీచ్ థెరపిస్ట్ మేగన్ దగ్గర మొర పెట్టుకున్నాను.

"ఈయన నన్ను ఆడిస్తున్నాడు. అడిగిందే ఇస్తున్నా, ముట్టడు."

మేగన్ నవ్వింది. "ఆడించడం కాదు రూత్. చివర విన్న మాట నాలుక మీద నిలిచిపోయి అదే బయటికొస్తుంది. ఈసారి తిప్పి అడుగు, కాఫీ ముందు, టీ వెనక. రెండుసార్లూ ఒకే జవాబొస్తే అది ఆయనది. మారిపోతే అది నీ ప్రశ్నది. ఇంకోటి, ఇంగ్లిష్ ఆయన తర్వాత నేర్చుకున్నది. పుట్టుభాషలో అడిగితే తేలికవుతుందేమో చూడు."

తిప్పి అడిగాను. "టీ" అన్నాడు! రెండు కప్పులూ ఎదురుగా పెడితే చెయ్యి టీ మీదికే వెళ్ళింది. పాపం, ఇన్నాళ్ళూ ఆయన చేత నేనే కాఫీ అనిపించానన్నమాట.

నేనుండేది మా అక్క కూతురు షారన్ ఇంట్లో. సాఫ్ట్‌వేర్ పిల్ల. పొద్దున కార్‌లో నన్ను డ్రాప్ చేస్తుంటే, పెద్దాయన పుట్టుభాష డేనిష్ నేర్పవే అన్నాను.

"ముందు నీ ఇంగ్లిష్ సరిచేసుకో పిన్నీ. డేనిష్ అంట!"

"నీ ఫోన్‌కి రాదా ఏంటి?"

"ఫోన్‌కి వస్తుంది. నీకొస్తుందా అని నా డౌట్." అంటూనే పాఠం ఆన్ చేసింది. కాసేపు విని తనే చెప్పింది. "వీళ్ళ సెంటెన్స్‌లో ముందు ఎవరొచ్చినా వెర్బ్‌కి మాత్రం రెండో సీట్ రిజర్వ్ అట పిన్నీ. ఇదా, అదా అనే క్వశ్చన్ అయితే అది ఫస్ట్ సీట్‌కి వచ్చేస్తుందట."

నాకు నవ్వొచ్చింది. మన తెలుగులో క్రియ ఇల్లాలి లాంటిది, అందరికీ వడ్డించాక చివర్న కూర్చుంటుంది. "టీయా, కాఫీయా" అని మనం రెంటికీ చెరో దీర్ఘం పంచి పెడతాం. వాళ్ళు మాత్రం రెంటి మధ్యా "ఎలర్" అని ఒక్క మాట నిలబెడతారు.

ఆ పూటే ధైర్యం చేశాను. "డు విల్ హా తే ఎలర్ కాఫె?" టీ కావాలా, కాఫీయా అని. టీని వాళ్ళు 'తే' అంటారు.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. వేలెత్తి, రెండు పలకలు అటూ ఇటూ మార్చినట్టు గాలిలో తిప్పి, "విల్... డు" అన్నాడు. అడిగేటప్పుడు క్రియ ముందుండాలని నాకు దిద్దుబాటు! ఎవరూ అడక్కుండా ఆయన నోట మాట రావడం నేను వినడం అదే మొదలు. నా కేకకి లీనా మేడ మీంచి పరుగున దిగింది.

అంతలో అసలు సంగతి వచ్చిపడింది. సొంత గది ఇచ్చి, వంటా సాయమూ వాళ్ళే చూసుకునే చోటుని అసిస్టెడ్ లివింగ్ అంటారు. దగ్గర్లో అలాంటి చోట ఒక గది ఖాళీ అయింది. లీనా తండ్రిని తీసుకెళ్ళి చూపించింది. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు వాళ్ళు. ఇంటికొచ్చాక ఉతుకుదామని చొక్కా అడిగితే ఆయన ఇవ్వలేదు. చేతి మడతలో ఏదో పొట్టు అంటుకుని ఉంది. మడతను గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అలసిపోయాడులే అనుకుని వదిలేశాను.

మర్నాడు లీనా వంటగదిలో కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది.

"ఇక్కడుంటావా, అక్కడికి వెళ్తావా అనడిగాను రూత్. 'అక్కడ' అన్నాడు. నాతో విసిగిపోయాడేమో."

"ఇంగ్లిష్‌లో అడిగావా? ఒక్కసారేనా?"

ఆమె చెయ్యి ఆగింది. కప్పుల సంగతి తనకూ తెలుసు. "అయితే అది చివరి మాటే అయ్యుండొచ్చు!" అంది. మొహం వెలిగిపోయింది. నా మనసూ అదే కోరుకుంది. ఆయన వెళ్ళిపోతాడంటే నాకూ దిగులుగానే ఉంది మరి.

లీనాకి వచ్చిన డేనిష్ చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర విన్నది. ఆ ముక్కే పదేపదే అనుకుని, ఆదివారం మధ్యాహ్నం బల్ల దగ్గర తండ్రి ఎదురుగా కూర్చుంది.

"విల్ డు బో హేర్ ఎలర్ డేర్?" ఇక్కడుంటావా, అక్కడా అని.

"డేర్." అక్కడ.

లీనా నావైపు చూసింది. ఫరవాలేదు, తిప్పు అని సైగ చేశాను.

"విల్ డు బో డేర్ ఎలర్ హేర్?"

ఈసారి ఆయన తొందరపడలేదు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. మేం ఏ మాట కోసం కాచుక్కూర్చున్నామో తెలిసిపోయినట్టుంది. "డేర్" అన్నాడు. ఊపిరి తీసుకుని, ఒక్కో మాటా మేకు కొట్టినట్టు, "డేర్... విల్... యై బో" అన్నాడు.

అక్కడే ఉంటాను నేను. 'అక్కడ' ముందు కుర్చీలో, క్రియ తన రెండో కుర్చీలో. మా ప్రశ్నలో ఆ వరస లేదు. అది ఆయన సొంతంగా పేర్చుకున్న మాట. ఆ తర్వాత చొక్కా చేతి మడత విప్పి కూతురి ముందు పెట్టాడు. అందులో సన్నటి చెక్కపొట్టు.

లీనా ఆ పొట్టును వేలితో తాకి చూసింది. "అక్కడ చెక్కపని గది ఉంది. చిన్న పలక ఇచ్చి చిత్రిక పట్టనిచ్చారు. ఏదో కాలక్షేపం అనుకున్నాను..." తండ్రి వైపు తిరిగి, "నేను సరిగ్గా చూసుకోలేదా నాన్నా?" అంది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తలుపు వైపు చూపించాడు, మళ్ళీ తనవైపు. "లీనా... కాఫె." నువ్వు రా, వచ్చి కాఫీ తాగు అని.

"మీకు కావాల్సింది 'తే' కదా?" అన్నాను. ఆయన నవ్వాడు. లీనా ఏడుస్తూనే నవ్వింది.

ఆ గదికి ఆయన సామాను సర్దింది నేనే. ఆ చొక్కా మాత్రం ఉతకలేదు.

తర్వాత నేను చేసిన ప్రతి ఇంట్లో తిప్పి అడగడం అలవాటైంది. కానీ ఆ కేసు నేర్పింది అదొక్కటే కాదు. ఆ ఆదివారం మేం తిప్పి అడిగింది జవాబు మారుతుందన్న ఆశతో. అది మారలేదు. ఎవరినైనా ఇదా, అదా అని అడిగేముందు, రెంటిలో ఏదొచ్చినా పుచ్చుకోడానికి మన చెయ్యి చాచి ఉండాలి. లేకపోతే అది అడగడం కాదు, చెప్పించడం.

సరేనమ్మా, కప్పు ఇటివ్వండి. మీ ఇంట మాట తడబడిన వాళ్ళ మనసు కూడా వినబడుగాక. మీ బల్ల చుట్టూ కుర్చీలెప్పుడూ నిండి ఉండుగాక. దేవుడు మీ గడపను చల్లగా చూచుగాక.