పక్క సీట్లో పిన్ని చేతులు

మీరు మా పిన్నిని ఒక్కసారైనా కలిసి తీరాలి. కారు నేర్చుకోవాలని ఉంటే మరీ మంచిది, లేకపోయినా ఏదో వంక పెట్టుకుని వెళ్లండి. పిన్ని డ్రైవింగ్ స్కూల్లో టీచరు. స్కూలు వాళ్ల బావగారిది, అంటే బాబాయి వాళ్ల అన్నయ్యది. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి, గొంతు పెంచకుండా పాఠం చెబుతుంది. ఒకాయన రివర్సు గేరు వేసి ముందుకు చూస్తూ కారును గోడ మీదికి పోనిస్తుంటే, బ్రేకు తొక్కి, "గోడ ఎక్కడికీ పోదులెండి, మనం నిదానంగా వెళ్దాం" అందట. పెళ్లయిన కొత్తలో బాబాయి దగ్గరే నేర్చుకుని, ఆయన కంటే బాగా నడిపి, ఆ మాట ఆయన నోటితోనే అనిపించిన మనిషి.

ఆ పిన్నికి బొల్లి వచ్చింది. మొదట పెదాల పక్కన, తర్వాత నుదురు, ముంజేతులు, వేళ్లు. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే దారి తప్పి, చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడుతుంది, అంతే. కానీ ఆ సంగతి ఎంతమందికి తెలుసు? స్టీరింగు సరిచేద్దామని పిన్ని చెయ్యి చాస్తే, నేర్చుకునేవాళ్లు ఠక్కున తమ చేతులు లాగేసుకునేవారు. నడుస్తున్న కారులో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా. కొందరు టీచర్ని మార్చమన్నారు. చివరికి బావగారు పిలిచి కూర్చోబెట్టారు.

"ఏమీ అనుకోకమ్మా. తగ్గేదాకా ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకో. తగ్గగానే నీ సీటు నీదే."

"తగ్గించుకునే ఎక్కుతాను బావగారూ" అంది పిన్ని.

అలా యూవీ లైటు వైద్యం మొదలైంది. ఆసుపత్రిలో ఒక చిన్న గది, అందులో బీరువా లాంటి పెట్టె, లోపల చుట్టూ నిలువెత్తు ట్యూబులైట్లు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మధ్యలో నిలబడాలి. మొదట్లో కొన్ని సెకన్లే. చర్మం తట్టుకునే కొద్దీ కాస్త కాస్త పెంచుతారు. అలా వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి. తమాషా ఏమిటంటే, ముందుగా మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించాయి. చుట్టూ ఉన్న మంచి చర్మం నల్లబడుతుంది కదా. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారట.

"పనిగట్టుకు వెళ్లి నల్లబడి వస్తున్నావేంటే" అన్నాడు బాబాయి.

"మీరు ఏ వైద్యం లేకుండానే నల్లబడ్డారుగా, మీకేం తెలుస్తుంది నా కష్టం."

నవ్వింది గానీ లోపల తొందర. లైటు పనిచేస్తే ఎండ ఇంకా బాగా పనిచేయాలిగా అనుకుంది. లైటు పెట్టించుకున్న రోజే స్కూలు కారును సర్వీసింగుకు తీసుకెళ్తూ, అద్దం దించి, చెయ్యి కిటికీలో పెట్టి మధ్యాహ్నమంతా తిరిగింది. సాయంత్రానికి చెయ్యి ఎర్రగా కమిలి బొబ్బలెక్కింది.

"ఒక చెయ్యే కాలిందేంటమ్మా?" అంది లైటు గది నర్సు.

"రెండోది గేరు మీద ఉంది."

డాక్టరమ్మకు నవ్వు రాలేదు. లైటుకు కొలత ఉంటుంది, ఎండకు ఉండదు, కాలిన చోట కొత్త మచ్చ కూడా రావచ్చు అని చెప్పి, పుండు మానేదాకా వైద్యం ఆపేసింది. తర్వాత మళ్లీ తక్కువ నుంచి మొదలు. ఇంకొకరైతే అక్కడితో దండం పెట్టేసేవారు. పిన్ని మాత్రం మానలేదు. ఈసారి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, కారు అద్దాలు పైకెత్తుకుని వెళ్లేది.

అప్పుడు మొదలయ్యాయి చుక్కలు. నుదుటి మీద తెల్లమచ్చలో మిరియాల పొడి చల్లినట్టు గోధుమరంగు చుక్కలు. సరిగ్గా వెంట్రుక మొదళ్ల దగ్గరే. రంగు కణాలు అక్కడ దాక్కుని ఉంటాయట, లైటు వాటిని తట్టి లేపితే బయటికి వచ్చి పాకుతాయట. చుక్కలు పెద్దవై ఒకదాన్నొకటి కలుసుకున్నాయి. నుదురు నిండింది, పెదాల చుట్టూ చాలావరకు నిండింది, ముంజేతులు కొంత నిండాయి. వేళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"ముఖం బాగా లొంగింది. వేళ్ల చివర్లకు మాత్రం నేను మాట ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. "అక్కడ వెంట్రుకలే లేవు. రంగు ఎక్కడి నుంచి రావాలి?"

"ఇంకో ఏడాది నిలబడినా?"

"కొంచెం రావచ్చు. అసలు రాకపోవచ్చు."

పిన్ని అక్కడి నుంచి నేరుగా స్కూలుకు వెళ్లింది. బావగారు ముఖం చూసి నిజంగానే సంబరపడ్డారు. తర్వాత చేతులు చూశారు. చెడ్డమనిషేం కాదు, సొరుగులోంచి కొత్త గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టారు. "ఇవి వేసుకో అమ్మా. డ్రైవింగ్ కోసమే అనుకుంటారు. రేపటి నుంచి ఎక్కెయ్."

పిన్ని ఒకటి తొడుక్కుని చూసింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మెల్లగా తీసేసింది.

"మీ తమ్ముడు ఇన్నేళ్లుగా నా పక్కనే పడుకుంటున్నారు బావగారూ. ఆయనకు గురక తప్ప ఏ జబ్బూ రాలేదు. ఇవి వేసుకుంటే, ఇది అంటుకుంటుందని నేనే చాటినట్టు."

"మరి జనం ఎక్కకపోతే?"

"ఎక్కకముందే చెప్తాను. ఇష్టమైనవాళ్లు ఎక్కుతారు. నెలాఖరుకు నా కారు ఖాళీగా ఉంటే ఆ ఫోన్లు నేనే ఎత్తుతాను, మళ్లీ కారు ఊసెత్తను."

మర్నాడు మొదట వచ్చింది ఒక బ్యాంకు ఉద్యోగి. పిన్ని చేతులు చూపించి, "ఇది బొల్లి, అంటుకోదు. మీకు ఇబ్బందైతే ఇంకో మాస్టారున్నారు, నేనేమీ అనుకోను" అంది. అతను తల వంచుకుని రెండో కారు వైపు నడిచాడు. బావగారు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నారు.

తర్వాత ఒక టైలరమ్మ వచ్చింది. పిన్ని మళ్లీ మొత్తం చెప్పింది.

"నాకు క్లచ్ అంటే భయం తల్లీ, నీ చేతులంటే ఎందుకు భయం" అంది ఆవిడ. "ఆ రెండో బ్రేకు మీద నీ కాలు ఉంటుందిగా, అది చెప్పు."

గేటు దగ్గరే కారు ఎగిరెగిరి ఆగిపోయింది. మళ్లీ కదిలాక పిన్ని చెయ్యి చాచి, ఆవిడ చేతుల మీదుగా స్టీరింగు తిప్పింది. ఆవిడ చేతులు తీయలేదు.

నెలాఖరు ఇంకా రాలేదు. పిన్ని కారులో కొన్ని గంటలు నిండాయి, కొన్ని ఖాళీగానే పోతున్నాయి. గ్లవ్స్ బావగారి సొరుగులోనే ఉన్నాయి, ఎప్పుడడిగినా ఇస్తారు. మీరైతే ఏం చేసేవారు? తొడుక్కునేవారా?