రెండు ఫర్లాంగుల గార్డు

రైల్వే మ్యూజియం ఉత్సవంలో ఆవిరిబండి నడిచేది రెండు ఫర్లాంగులే. వెళ్ళి, అంతే వెనక్కి వస్తుంది. అయినా గార్డు క్లిఫర్డ్ మెడదాకా గుండీలు పెట్టుకుని, జేబుగడియారం చెవికి ఆనించి విని, సెకన్ల ముల్లు పన్నెండు తాకాకే ఈల వేస్తాడు. ఆ తర్వాత మేయరొచ్చినా "తర్వాతి బండికి రండి" అనిపించుకోవాల్సిందే. ఈరోజు ముల్లు పన్నెండు తాకబోతుండగా అతని భార్య మావిస్ గేటు దగ్గర్నుంచి డబ్బాతో పరుగెత్తుకొచ్చింది.

"ఆగవయ్యా! సాసేజ్ రోల్స్ వేడివేడిగా తెచ్చా!"

కిటికీల్లోంచి జనమంతా క్లిఫర్డ్‌నే చూశారు. అతను గడియారం చూశాడు, డబ్బా చూశాడు, గుటక వేసి పచ్చజెండా ఊపాడు.

"తర్వాతి బండికి రా, మావిస్!"

ఆరు నిమిషాల్లో బండి సెకను తేడా లేకుండా తిరిగొచ్చింది. బెంచీ మీద మావిస్ వేళ్ళు నాక్కుంటూ ఖాళీ డబ్బా ఎత్తి చూపించింది.

"లేటయ్యావు. తర్వాతి బండికి రావయ్యా!"